సాయంత్రం ఐదు గంటలకు వచ్చిన కూలి

(నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఆరాధనలో, అంటే క్రీస్తు మరణాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది. మాట్లాడిన తీరు చాలావరకు అలాగే ఉంచాం.)

అందరికీ వందనాలు. వెనక వరసలో ఫ్యాన్లు తిరుగుతున్నాయా? తిరుగుతున్నాయి, మంచిది. ఆ మూడో ఫ్యాను రెక్కల మీద ఎవరిదో పేరు రాసి ఉంది. కరెంటు పోయినప్పుడు మాత్రమే దాన్ని చదవగలం. ఫ్యాను ఇచ్చినవాళ్ళు ఆ సంగతి ఆలోచించి ఉండరు పాపం. (నవ్వులు) ఆ పేరు సంగతి మళ్ళీ మాట్లాడుకుందాం. ముందు వాక్యం తెరవండి. మత్తయి సువార్త ఇరవయ్యో అధ్యాయం, మొదటి పదహారు వచనాలు. ద్రాక్షతోట యజమాని, కూలివాళ్ళు. సండేస్కూలు నుంచి విన్న కథే.

మా నాన్న తాపీ పని చేసేవాడు. సొంత మేస్త్రీ ఉన్న రోజుల్లో ఇబ్బంది లేదు. లేని రోజుల్లో పొద్దున్నే అడ్డా మీదికి వెళ్ళి నిలబడేవాడు. అడ్డా చూడని వాళ్ళు ఇక్కడ తక్కువే ఉంటారు. ఆరింటికల్లా సెంటర్లో వంద మంది ఉంటారు. చేతిలో క్యారేజీ, సంచిలో తాపీ. ఎవరో ఒకాయన బండి ఆపగానే ఇరవై మంది చుట్టూ చేరతారు. ఆయన ముఖాలు చూడడు, భుజాలు చూస్తాడు. గట్టిగా ఉన్నవాళ్ళను నలుగురిని ఎక్కించుకుని వెళ్ళిపోతాడు. తొమ్మిదయ్యేసరికి సగం మంది మిగులుతారు. పదకొండు దాటితే ఇక ఎవరూ రారు.

పని దొరకని రోజు నాన్న ఇంటికి వచ్చే చప్పుడు మా అమ్మకు తెలిసేది. ఖాళీ క్యారేజీ గిన్నెలు లొడలొడమంటాయి. అన్నం ఉన్న క్యారేజీ చప్పుడు చెయ్యదు. ఆ క్యారేజీని నాన్న తలుపు పక్కన మెల్లగా పెట్టేవాడు. అమ్మ ఏమీ అడిగేది కాదు. మధ్యాహ్నం ఆ అన్నమే అందరం పంచుకుని తినేవాళ్ళం. అందుకని ఈ కథ చదివితే నాకు ద్రాక్షతోట కనబడదండి. సంతవీధి కనబడుతుంది.

యజమాని పొద్దున్నే వెళ్ళి కొందరిని కుదుర్చుకున్నాడు. రోజుకు ఒక దేనారం. ఆ కాలంలో ఒక మనిషి ఒక రోజు కూలి అది. దాంతో ఆ రోజుకు ఇల్లు గడుస్తుంది, మిగిలేదేమీ ఉండదు. తర్వాత తొమ్మిదింటికి వెళ్ళాడు, పన్నెండింటికి వెళ్ళాడు, మూడింటికి వెళ్ళాడు. మూల భాషలో మూడో గంట, ఆరో గంట అని ఉంటుంది. మన తెలుగు బైబిలు తర్జుమా చేసిన పెద్దలు మన గడియారానికి లెక్కగట్టి పెట్టారు. పనికొచ్చే పని చేశారు. చివరికి ఐదింటికి ఇంకోసారి వెళ్ళాడు.

ఐదింటికి అడ్డా మీద ఎవరుంటారో ఆలోచించారా? చిన్నప్పుడు మా సండేస్కూలు టీచరు సోమరిపోతులని చెప్పారు. పొద్దెక్కేదాకా పడుకుని లేటుగా వచ్చారట. వాక్యంలో అలా లేదు. యజమాని అడిగాడు, దినమంతా ఎందుకు ఊరక నిలబడ్డారని. దినమంతా! అంటే పొద్దుటినుంచీ అక్కడే ఉన్నారు. వాళ్ళేమన్నారు? ‘ఎవడును మమ్మును కూలికి పెట్టుకొనలేదు’ అన్నారు. అంతే, ఇంకో మాట లేదు. అందరూ చూశారు, ఎవరూ ఎక్కించుకోలేదు. ముసలాయన ఒకడు ఉండి ఉంటాడు. కాలు ఈడ్చేవాడు ఒకడు, మొన్ననే జ్వరం నుంచి లేచినవాడు ఒకడు. పని దొరకదని పదకొండింటికే తెలిసి ఉంటుంది. అయినా ఇంటికి వెళ్ళలేదు. క్యారేజీ చప్పుడు చెయ్యకుండా పెట్టాలి కదా, అందుకని.

అసలు ఆ యజమానికి ఐదింటికి కూలీలతో పనేముంది? గంటలో పొద్దు గూకుతుంది. వాళ్ళు తోటకు నడిచి వెళ్ళి, గంప పట్టుకుని, ఏ గుత్తి కొయ్యాలో తెలుసుకునేసరికే చీకటి పడుతుంది. వ్యాపారం తెలిసినవాడెవడూ ఆ టైములో మనిషిని పెట్టుకోడు. మా నాన్నకు ఈ కథ చెబితే ఆయన అన్నది ఒకటే మాట. ‘ఆయన పని కోసం పోలేదురా, మనుషుల కోసం పోయాడు.’ నేను వేదాంత కళాశాలలో చదువుకున్నాను. ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నాకు అక్కడ దొరకలేదు.

సరే, సాయంత్రమైంది. ధర్మశాస్త్రం ప్రకారం ఏనాటి కూలి ఆనాడే ఇవ్వాలి, పొద్దు గూకకముందే. ద్వితీయోపదేశకాండంలో ఉంది. కూలివాడు బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు అని కారణం కూడా రాసి ఉంది. యజమాని గృహనిర్వాహకుణ్ణి పిలిచి కూలి ఇవ్వమన్నాడు. కానీ ఎలా ఇవ్వమన్నాడు? చివర వచ్చినవాళ్ళతో మొదలుపెట్టి మొదట వచ్చినవాళ్ళ దాకా. ఇక్కడే ఉంది చిక్కంతా. మామూలుగా ముందు వచ్చినవాళ్ళకు ముందు ఇచ్చి పంపేసి ఉంటే ఏ గొడవా లేదు. వాళ్ళ దేనారం వాళ్ళు తీసుకుని సంతోషంగా ఇంటికి పోయేవాళ్ళు. వెనకవాళ్ళకు ఎంతిచ్చారో వాళ్ళకు తెలిసేదే కాదు. యజమాని కావాలనే వాళ్ళను నిలబెట్టాడు. వాళ్ళు చూడాలి.

చూశారు. గంట పనికి దేనారం చేతిలో పడుతుంటే చూసి, మనసులో లెక్కలు వేసుకున్నారు. గంటకు ఒకటైతే పన్నెండు గంటలకు ఎంత? మనకు కనీసం రెండో మూడో రావా? తీరా చేయి చాపితే ఒక్క దేనారమే. అప్పుడు సణిగారు. ‘పగలంతా ఎండబాధ సహించిన మాతో వీళ్ళను సమానం చేశావే’ అన్నారు. జాగ్రత్తగా వినండి. మాకు తక్కువిచ్చావు అనలేదు. అనలేరు, మాట్లాడుకున్నది మొత్తం ముట్టింది కదా. వీళ్ళను మాతో సమానం చేశావు అన్నారు. బాధ తమ జేబు గురించి కాదు, పక్కవాడి జేబు గురించి.

అందుకు యజమాని ఏమన్నాడో మన తెలుగు బైబిల్లో చదవాలి. ‘నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా?’ గ్రీకులో అక్షరాలా చూస్తే నీ కన్ను చెడ్డదా అని ఉంటుంది. చెడ్డ కన్ను అంటే వాళ్ళ భాషలో ఓర్వలేనితనం, పిసినారితనం. దాన్ని మన పెద్దలు కడుపుమంట అని రాశారు. ఎంత సరిగ్గా కుదిరిందో చూడండి. సమస్య కంట్లో మొదలైనా మంట కడుపులోనే కదా!

ఈ కథ యేసు ఎందుకు చెప్పాడో తెలియాలంటే ముందు పేజీ తిప్పాలి. అధ్యాయాల సంఖ్యలు తర్వాత ఎవరో వేసినవి, వాటి దగ్గర ఆగకూడదు. పంతొమ్మిదో అధ్యాయం చివర యేసు శిష్యుడు పేతురు ఒక ప్రశ్న అడిగాడు. మేము సమస్తమూ విడిచిపెట్టి నిన్ను వెంబడించాం గనుక ‘మాకేమి దొరకును’ అని. వలలు వదిలాం, పడవ వదిలాం, లెక్క చెప్పు స్వామీ అన్నట్టు. ప్రభువు కోప్పడలేదు, దొరికేది చెప్పాడు, వెంటనే ఈ కథా చెప్పాడు. కథ అయిపోయాక ఏమైంది? అదే ఇరవయ్యో అధ్యాయంలో కాస్త కిందికి వెళితే జెబెదయి కుమారుల తల్లి వస్తుంది. ఆ కొడుకులిద్దరూ శిష్యులే. నా ఇద్దరు కొడుకులనూ నీ రాజ్యంలో ఒకణ్ణి కుడివైపు, ఒకణ్ణి ఎడమవైపు కూర్చోబెట్టు అంటుంది. అంటే కథ విన్నారు, తలలూపారు, మళ్ళీ సీట్ల దగ్గరికే వచ్చారు. శిష్యులకే ఎక్కనిది మనకు ఒక్క ఆదివారంలో ఎక్కుతుందని నేను అనుకోవడం లేదు.

ఎందుకంటే మన దగ్గర కూడా ఒక ఖాతా పుస్తకం ఉంది. చర్చిలో అందరి ముందూ తియ్యం గానీ ఉంది. దశమభాగం, సంపాదనలో పదో వంతు, ఇచ్చాను. ఇరవై ఒక్క రోజులు ఉపవాసం ఉన్నాను. తెల్లవారుజాము ప్రార్థన మానలేదు. ఇదంతా జమ. మరి అబ్బాయికి వీసా ఎందుకు రాలేదు? అమ్మాయికి సంబంధం ఎందుకు తప్పిపోయింది? ఇది బాకీ. దేవుడు నాకు బాకీ పడ్డాడు. నోటితో అనం, కానీ మోకాళ్ళ మీద ఉన్నప్పుడు ఆ గొంతు వినబడుతుంది. అదే పుస్తకం ఇంకోవైపు నుంచి తెరిస్తే టెన్షన్. నేనేం చేశానని దేవుడు నాకు ఈ జబ్బు ఇచ్చాడు? ఏ పాపం మిగిలిపోయింది? బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గర కూర్చుని, నీ విశ్వాసం చాలలేదమ్మా అన్న బోధకుణ్ణి నా చెవులతో విన్నాను. ఆమె అప్పటినుంచి చర్చి గుమ్మం తొక్కలేదు. నేను ఆమెను తప్పుపట్టను.

పౌలు రోమా పత్రికలో ఒక్క మాటతో ఈ పుస్తకాన్ని చింపేశాడు. పని చేసేవాడికి జీతం రుణమే గాని దానం కాదు అన్నాడు, నాలుగో అధ్యాయంలో. మాట చాలా మామూలుది, ఏ కూలివాడికైనా తెలుసు. పని చేస్తే వచ్చేది నీ హక్కు, దానికి దండం పెట్టనక్కరలేదు. తర్వాత ఆరో అధ్యాయం చివర ‘పాపమువలన వచ్చు జీతము మరణము’ అన్నాడు, వెంటనే ‘దేవుని కృపావరము నిత్యజీవము’ అన్నాడు. జీతం ఒకచోట, వరం ఒకచోట. జీతమే కావాలంటే మనం నిజంగా సంపాదించుకున్నది ఒకటే ఉంది, అది అడగకుండా ఉంటేనే మేలు. నిత్యజీవం పక్కన జీతం అనే మాట రాయడానికి ఆయన కలం ఒప్పుకోలేదు. ఎఫెసీ పత్రికలోనూ అదే. కృపచేతనే, మీవలన కలిగినది కాదు, దేవుని వరమే, ఎవడూ అతిశయపడ వీలులేదు. అంటే ఫ్యాను రెక్క మీద పేరు రాసుకునే వీలు లేదు. (నవ్వులు) ఫ్యాను ఇచ్చినవాళ్ళను అనడం లేదండి, గాలి నాకూ తగులుతోంది.

ఉచితం అంటే ఖర్చు లేదని కాదు. కథలో ఆ దేనారాలు ఎక్కడనుంచి వచ్చాయి? ‘నా సొంత సొమ్ముతో’ అన్నాడు యజమాని. ఎవరో ఒకరి జేబు ఖాళీ అయితేనే ఇంకొకరి చెయ్యి నిండుతుంది. మనం ఇంకా పాపులమై ఉండగానే క్రీస్తు మనకొరకు చనిపోయెను అని రాసి ఉంది. బాగుపడ్డాక అని లేదు, బాగుపడతామని మాట ఇచ్చాక అని కూడా లేదు. ఉండగానే! ఆయన పక్కన సిలువ మీద ఉన్న దొంగను చూడండి. ఐదు గంటల కూలి అంటే వాడే. బాప్తిస్మం లేదు, దశమభాగం లేదు, చేతులు కదిపే వీలు కూడా లేదు. నన్ను జ్ఞాపకం చేసుకో అని ఒక్క మనవి. ‘నేడు నీవు నాతో కూడ పరదైసులో ఉందువు’ అనే మాట సువార్తలలో అతనికి తప్ప ఇంకెవరికీ దొరకలేదు. పేతురుకు కూడా.

ఒంగోలు ప్రాంతంలో ఉండి ఈ విషయం మాట్లాడుతూ మన సొంత కథ చెప్పకపోతే తప్పు. జాన్ ఎవరెట్ క్లౌ, మన పెద్దలు క్లౌ దొర అనేవాళ్ళు, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. తొలి రోజుల్లోనే ఆయనకు ఒక ఇరకాటం వచ్చింది. పై కులాల వాళ్ళు కొందరు వాక్యం మీద ఆసక్తి చూపించారు. అదే సమయంలో పల్లెల నుంచి మాదిగలు రావడం మొదలైంది. వాళ్ళను చేర్చుకుంటే మేం రాలేం అన్నారు పెద్ద కులాలవాళ్ళు. దొరకు ఏం చెయ్యాలో తోచలేదు. ఊళ్ళో పలుకుబడి ఉన్నవాళ్ళు వస్తే పని ఎంత సులువవుతుంది! ఆలోచనలో పడి బైబిలు తెరిస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం వచ్చింది. ‘మిమ్మును పిలిచిన పిలుపును చూడుడి.’ జ్ఞానులు, ఘనులు, గొప్ప వంశంవాళ్ళు అనేకులు పిలవబడలేదు అనే భాగం. లేచి భార్య దగ్గరికి వెళితే ఆమె ఇంకో గదిలో ఇంకో బైబిలులో అదే భాగం తెరిచి ఉంది. ఇది ఆయన చెప్పుకున్న సంగతే. ఆ రోజు ఆయన తప్పు లెక్క వేసి ఉంటే ఈ హాలులో ఎంతమందిమి ఉండేవాళ్ళం?

తర్వాత 1876లో కరువు మొదలైంది, 1878 దాకా సాగింది. పెద్ద కరువు. సర్కారు బకింగ్‌హాం కాలువ తవ్వించే పని పెట్టింది. అందులో మూడున్నర మైళ్ళు తవ్వించే కాంట్రాక్టు క్లౌ దొర తీసుకున్నాడు, మన జనానికి కూలి దొరకాలని. బోధకులే మేస్త్రీలు. పగలు తవ్వకం, పొద్దుగూకితే మట్టి కట్టల మీద కూర్చుని వాక్యం. ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నాయొద్దకు రండి అనే మాట ఎక్కువసార్లు చెప్పేవాళ్ళట. మట్టి గంపలు మోసి నెత్తి వాచినవాళ్ళకు ఆ మాటకు అర్థం విడమరచి చెప్పాలా?

వేలమంది మాకు బాప్తిస్మం ఇవ్వండి అన్నారు. ఆయన ఇవ్వలేదు. కరువు సాయం చేతుల మీద నడుస్తున్నంత కాలం, పదిహేను నెలలు, ఒక్కరికీ ఇవ్వలేదు. బియ్యం కోసం కలిశారని లోకం అంటుంది, అదొక భయం. నేనైతే ఇంకో కారణం కూడా చూస్తాను. తవ్వినందుకు కూలి కూలిగానే ముట్టాలి. అది ఎవరి దయా కాదు, ఆ చెమటకు హక్కు. బాప్తిస్మం ఆ బేరంలో భాగం కాకూడదు, లేకపోతే దేవుడు కూడా కంట్రోలు బియ్యంలా అయిపోతాడు. సాయం తగ్గించాక వస్తారో రారో అనుకున్నారు. వచ్చారు. 1878 జూలై 3న, ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో దిగి, అలసినప్పుడు మారుకుంటూ ఇచ్చారు. ఆ ఏడాది పూర్తయ్యేలోపు లెక్క తొమ్మిది వేలు దాటింది.

ఆ తొమ్మిది వేల మంది అడ్డా మీద ఎవరూ ఎక్కించుకోని వాళ్ళు. తరాలుగా నిలబడినవాళ్ళు. ఇప్పుడు వాళ్ళ మునిమనవలం మనం. బెంచీలున్నాయి, మైకుంది, కమిటీ ఉంది, కమిటీలో రెండు గ్రూపులున్నాయి. (నవ్వులు) పొద్దుటి బ్యాచీ అయిపోయాం మనం. ఇప్పుడు కొత్తగా ఎవడైనా గుమ్మంలోకి వస్తే భుజాలు చూస్తున్నాం.

ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది, యువజనుల కూడికలో ప్రతిసారీ వస్తుంది. అంతా ఉచితమైతే ఇష్టమొచ్చినట్టు బతకొచ్చు కదా అని. ఇది పౌలు కాలంలోనే వచ్చింది. కృప విస్తరించాలని పాపంలో నిలిచి ఉందామా, అట్లనరాదు అని ఆయన జవాబు. నేను దానికి ఒక మనిషిని చూపిస్తాను. ‘అమేజింగ్ గ్రేస్’ పాట రాసిన జాన్ న్యూటన్. 1748లో తుఫానులో ఓడ మునుగుతుంటే దేవుణ్ణి పిలిచాడు. మన ప్రసంగాల్లో, ఆ రోజుతో బానిసల వ్యాపారం మానేశాడు అని చెప్పేస్తాం. మానలేదండి. ఆ తర్వాతే బానిసల్ని మోసే ఓడలకు కెప్టెన్ అయ్యాడు. 1754లో ఆరోగ్యం దెబ్బతిని సముద్రం వదిలాడు. 1764లో బోధకుడయ్యాడు. ఆ పాట 1773 కొత్త సంవత్సరం ఆరాధనకు వచ్చింది. ఆ వ్యాపారం పాపమని, తాను అందులో ఉన్నందుకు సిగ్గుపడుతున్నానని అచ్చువేసి చెప్పింది 1788లో. తుఫాను నుంచి లెక్కేస్తే నలభై ఏళ్ళు. ఆ ఓడల్లో గొలుసులతో ఉన్నవాళ్ళకు ఈ ఆలస్యం ఏమిచ్చింది అంటే నా దగ్గర జవాబు లేదు. కానీ ఒకటి చూస్తున్నాను. కృప ఆయన్ను తేలిగ్గా వదిలిపెట్టలేదు. లోపలికి వచ్చి కూర్చుంది, నలభై ఏళ్ళు తవ్వింది, ముసలితనంలో నోరు తెరిపించింది. జీతానికి పని చేసేవాడు జీతం ముట్టగానే వెళ్ళిపోతాడు. ఇది వెళ్ళేది కాదు.

ఇక నా సంగతి చెప్పి ముగిస్తాను. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో వేరే ఊళ్ళో ఉన్నాను. అక్కడ ఒక హమాలీ ఉండేవాడు. తాగుడు. ఇంటి స్థలం అమ్మి తాగాడు. భార్యను కొడితే ఆమె పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. సంఘం క్రమశిక్షణ కింద బల్లలో చెయ్యి వెయ్యకుండా తీసేశారు. నేను రాకముందే తీసేశారు. తీసేసి పదకొండేళ్ళు. ఒకరోజు అతనికి లివరు పూర్తిగా పాడైందని, ఆసుపత్రిలో ఉన్నాడని కబురొచ్చింది. వెళ్ళాను. పొట్ట ఉబ్బిపోయి, కళ్ళు పచ్చగా ఉన్నాయి. ప్రార్థన చేశాక నా చెయ్యి వదలలేదు. అయ్యగారూ, నాకు బల్ల ఇస్తారా అన్నాడు.

నాలో ఏమొచ్చిందో దాచకుండా చెబుతాను. కనికరం రాలేదు. లెక్క వచ్చింది. పదకొండేళ్ళు గుమ్మం తొక్కనివాడు, ఇప్పుడు పోయే ముందు అడుగుతున్నాడు. నేను పదహారో ఏట నుంచి సేవలో ఉన్నాను, నేనేం అనుభవించాను? పైగా నియమం ఒకటుంది. తీసేసినవాళ్ళను మళ్ళీ చేర్చుకోవాలంటే కమిటీ ఒప్పుకోవాలి. ఆ మాటే అన్నాను. ఆదివారం కమిటీలో పెట్టి చెబుతాను అన్నాను. ఎంత మర్యాదగా అన్నానో మీరు వినాల్సింది.

నాతో పాటు మా సంఘంలో ఒక అవ్వ వచ్చింది. నలభై ఏళ్ళుగా చర్చి ఊడ్చే మనిషి. ఎప్పుడూ ఒక్క రూపాయి తీసుకోలేదు, ఏ రెక్క మీదా ఆమె పేరు లేదు. ఆరింటికే తోటలోకి దిగి ఎండంతా భరించిన కూలి ఎవరైనా ఉంటే ఆమె. కడుపుమంట రావడానికి హక్కున్న మనిషి. ఆమె నా చొక్కా పట్టుకుని వరండాలోకి లాగింది. ‘అయ్యా, నీ కమిటీ ఆదివారం. ఈయన శుక్రవారం దాటేటట్టు లేడు. నీ దగ్గర నియమాలున్నాయి, ఆయన దగ్గర టైము లేదు’ అంది. అని ఊరుకోలేదు. కిందికి దిగి ఆసుపత్రి ఎదురుగా ఉన్న బేకరీలో ఒక బన్ను, పక్క బండి మీద చిన్న గ్లాసుడు ద్రాక్షరసం తెచ్చింది. ఐసు వేశాడని వాణ్ణి తిట్టుకుంటూ తెచ్చింది.

ఇచ్చాను. చెయ్యి వణుకుతోంది, అతనిది కాదు, నాది. చిన్న ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు మింగలేకపోయాడు. తర్వాత నన్ను చూసి, ‘ఇప్పుడు నేనేం చెయ్యాలి అయ్యగారూ?’ అన్నాడు. జీవితమంతా మూటలు మోసినవాడు కదా. ఏదో ఒకటి ఇచ్చాక ఏదో ఒకటి మొయ్యాలి అనుకున్నాడు. నాకు మాట రాలేదు. అవ్వ దుప్పటి పైకి లాగి, ‘ఏం లేదు నాయనా, పడుకో’ అంది.

అతని భార్య సంగతి చాలామంది అడుగుతారు. ఆమె రాలేదు. క్షమించమ్మా అని ఆమెకు చెప్పే అధికారం నాకు లేదు. దేవుడు తన సొంత సొమ్ము ఇచ్చాడు, ఆమె సొమ్ము పంచిపెట్టే పని నాది కాదు. అంత్యక్రియలకు పిల్లల్ని మాత్రం పంపించింది. కమిటీలో నాకు చీవాట్లు పడ్డాయి. పడాల్సిందే, నియమం తప్పాను కదా. సంజాయిషీ రాసి ఇచ్చాను కూడా. అవ్వ ఆ ఆదివారం ఎప్పటిలాగే ఊడ్చి, తలుపులు తీసి, వెనక గోడ పక్కన కింద కూర్చుంది.

సరే. బల్ల సిద్ధంగా ఉంది. సంఘ పెద్దలు ముందుకు రండి. ఎప్పుడూ ముందు వరసల నుంచి మొదలుపెడతాం కదా, ఇవాళ వెనక నుంచి మొదలుపెడదాం. గుమ్మం దగ్గర నిలబడ్డ తమ్ముడూ, నువ్వే. చెప్పులు అక్కడ వదిలేసి రా.